షోలాపుర నేతపేటలలో స్వయంశిక్షిత పారిశ్రామికుడు: బాల్యము, శిష్యరికము

మహారాష్ట్రమునకు దక్షిణపు కొసను, కన్నడసీమకును తెలంగాణమునకును సమీపమున వెలసిన షోలాపుర నగరములో, తూర్పు దిక్కున అశోక్ చౌక్ అను కూడలి కలదు. ఆ కూడలి చుట్టుపట్లను, సాఖర్ పేట, భవానీ పేట మొదలగు పాతపేటలలోను, అక్కల్‌కోట మార్గమునందలి పారిశ్రామిక వాడ వైపునను, నేతయే జీవికగా గల తెలుగు పద్మశాలీలు తరతరములుగా దట్టముగా నివసించుచున్నారు. వీరిలో కూలినేతగానిగా జీవితము నారంభించి, ఏ సాంకేతిక కళాశాల గడపయు త్రొక్కక, ఏ పట్టమును పొందక, తుదకు కొన్ని మరమగ్గములకో ఒక కార్ఖానాకో యజమానియైన పురుషుడు ఒక విశిష్టమైన సాంఘికవర్గమునకు ప్రతినిధి. అట్టివాని బాల్యమును, అతడు పని నేర్చిన తావులను, నేర్పిన మనుష్యులను పరిశీలించుట ఈ వ్యాసమునకు విషయము. షోలాపురపు దుప్పటికి దేశమంతట పేరు కలదు. కాని ఆ దుప్పటిని నేసిన చేతికి విద్య ఎచ్చటనుండి వచ్చినదో విచారించినవారు మిక్కిలి తక్కువ.

ఈ తెలుగువారి పూర్వులు నిజాము రాజ్యమునందలి కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములనుండి వచ్చినవారు. మాంచెస్టరు మిల్లుల వస్త్రము పల్లెసంతలకు సైతము ప్రాకి, ఊరి నేతగాని గిరాకీని హరించుటయు, 1876-78 సంవత్సరముల మహాక్షామము దక్కనును దహించుటయు వలసకు ప్రేరకములయ్యెను. బొంబాయినుండి ఇనుపదారి 1860 లో షోలాపురమును చేరెను. 1871 లో రాయచూరుకడ మద్రాసు మార్గముతో కలిసెను. మొరార్జీ గోకుల్‌దాసు స్థాపించిన షోలాపుర నూలు, నేత మిల్లు 1877 లో పుట్టినది. దీనినే తరువాతి కాలమున జనులు జూనీ మిల్లు, అనగా పాతమిల్లు అని పిలిచిరి. శతాబ్దము తిరుగునప్పటికి నరసింగగిర్జీ, లక్ష్మీ, కొంత వెనుకగా విష్ణు, జామ్ మిల్లులును లేచినవి. మిల్లు నూలు చేరువను దొరకుట, మరాఠీ స్త్రీలు ధరించు పొడవైన చీరలకు అంగడి ఉండుట, రైలు మీద సరకు దూరదేశములకు పోవుట అను మూడు వసతులును కూడినచోట మగ్గము పెట్టుకొన్నవాడు బ్రదుకగలడని వార్త పల్లెలకు వ్యాపించెను. ఒకడు వచ్చి కుదురుకొన్న తరువాత బావమరదిని పిలిపించెను. బావమరది తన మేనత్త కొడుకును పిలిపించెను. పేటలు ఈ విధముగా బంధుత్వముల వెంబడి పెరిగినవి.

పద్మశాలి బాలుని మొదటి పాఠశాల ఇంటియందలి గుంతమగ్గము. నడక వచ్చిన పిల్లవానికి చిక్కుపడిన నూలు విప్పుటయు, కొంచెము ఎదిగినవానికి రాట్నముపై కండెలు చుట్టుటయు, అటుపిమ్మట తెగిన పడుగుపోగును ముడి కనబడకుండ అతుకుటయు వరుసగా అప్పగింపబడుచుండెను. ఈ పనులను పెద్దలు పాఠములని తలచి నేర్పలేదు. ఇంటికి అక్కరయగుటచేత చేయించిరి. అయినను వానియందు ఒక క్రమము అంతర్లీనమై యుండెను. కండె వదులుగా చుట్టిన నాడెలో పోగు జారును, బిగువుగా చుట్టిన తెగును. కాబట్టి నూలు బిగువు ఎంత యుండవలయునో బాలుని వ్రేళ్లకు ముందే తెలిసెను. గంజి పలుచనైన పడుగు నూగు లేచును, చిక్కనైన పెళుసెక్కి విరుగును. కాబట్టి వాన, ఎండ, గాలితేమ పోగును ఏమి చేయునో అతడు ఋతువుల వెంట గ్రహించెను. పడుగుపోగులను అచ్చులోనుండియు పన్నెలోనుండియు ఒక్కొక్కటిగా తీయునపుడు లెక్క తప్పిన గుడ్డ చివరవరకు చార కనబడును. కాబట్టి అంకెలయందు ఓరిమి అలవడెను. తరువాతి కాలమున యంత్రముల నడుమ నిలిచి, చప్పుడు విని, తప్పు ఏ మూల నున్నదో కనిపెట్టగలిగిన యజమానుల నైపుణ్యమునకు మూలము ఈ వ్రేళ్లచదువే యని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

ఈ చదువు చెప్పినవారిలో స్త్రీలే యెక్కువ. నూలు తోడుట, కండెలు చుట్టుట, పడుగు సిద్ధపరచుట వారి చేతిపనులు. మగ్గముపై కూర్చుండుట మాత్రము సాధారణముగా పురుషునిది. మగ్గమెక్కకముందే బాలుడు నేర్చినదంతయు తల్లియొద్దను, నాయనమ్మయొద్దను, అక్కయొద్దను నేర్చినదే. వ్యాపార చరిత్రలలో తండ్రిపేరు, మామపేరు, భాగస్వామిపేరు కనబడును గాని, ఈ మొదటి గురువుల పేరు కనబడదు. ఇది గొప్ప లోపము.

రెండవ శిష్యరికము కార్ఖానాలో జరిగెను. 20 వ శతాబ్ది తొలి దశకములలో షోలాపురమున స్వతంత్ర నేతగాండ్రతోపాటు, పలు మగ్గములను ఒకే కప్పుక్రింద నిలిపి కూలివారిచేత నేయించు కార్ఖానాదారులును బలపడిరి. ఊరినుండి క్రొత్తగా వచ్చిన నేతగాడు కొంత పైకము బయానాగా తీసికొని కార్ఖానాలో చేరును. తరచుగా అక్కడనే తిని, మగ్గము ప్రక్కనే నిదురించును. బయానా తీరువరకు వేరొక యజమానియొద్దకు పోరాదు. పెండ్లికో జబ్బుకో మరల అప్పు పుట్టును, బంధము మరల బిగియును. పూనాలోని గోఖలే సంస్థ పక్షమున ఆర్. జి. కాకడే రచించి 1947 లో వెలువడిన షోలాపుర నేతవారి సాంఘికార్థిక పరిశీలనమును, డగ్లసు హేన్సు అను చరిత్రకారుడు పశ్చిమభారతపు చిన్నపట్టణముల పెట్టుబడిని గురించి 2012 లో ప్రకటించిన గ్రంథమును ఈ వ్యవస్థను తెలిసికొనుటకు ముఖ్యాధారములు. అందు బీదరికము స్పష్టము. అయినను ఆ కార్ఖానాయే కొందరికి విద్యాలయమైనదనుట కూడ సత్యము. త్రాడు లాగి నాడెను పరుగెత్తించు పద్ధతిని జాన్ కే అను ఆంగ్లేయుడు 1733 లోనే కనిపెట్టియుండినను, అది మన నేతవారి చేతికి వచ్చుటకు దాదాపు రెండు శతాబ్దములు పట్టెను. షోలాపుర కార్ఖానాలు దానిని త్వరగా స్వీకరించినవానిలోనివి. దూరపు పల్లెనుండి వచ్చిన యువకుడు ఈ క్రొత్త సాధనమును చూచి, దాని వేగము ఇనుమడించుటను గమనించి, మగ్గము మార్చిన బ్రదుకు మారునను విశ్వాసమును సంపాదించుకొనెను.

కార్ఖానా నేర్పిన మరొక విద్య లెక్క. నూలు బేలు ధర నేడెంత, రంగు ఖర్చెంత, చీర అమ్మిన వచ్చునదెంత, షావుకారు వడ్డీ ఏ నెలకు కూడును, సంక్రాంతికిని దీపావళికిని ముందు ఏ రకమునకు గిరాకీ లేచును అను విషయములు యజమాని గద్దెకు ఎదుటనే మాటలాడబడుచుండెను. మగ్గముపై కూర్చున్నవాని చెవిని అవి పడుచుండెను. ఇంట తెలుగు, బజారున మరాఠీ, నూలు వర్తకులతో గుజరాతీ హిందీల మిశ్రమము: ఒక్క దినములోనే ఇన్ని భాషలలో బేరమాడవలసిన యువకుడు పుస్తకము లేకయే బహుభాషావేత్త యయ్యెను. నూలును అప్పుపై తెచ్చుట, గుడ్డనమ్మి అప్పు తీర్చుట, మిగిలినదానితో మరికొంత నూలు తెచ్చుట అను చక్రమును ఒక్కమారు సక్రమముగా త్రిప్పగలిగినవానికి బజారులో మాట చెల్లును. మాట చెల్లుటయే అతని మూలధనము.

మూడవ శిష్యరికము మిల్లులో. నేతపేటలలోని యువకులనేకులు మిల్లు భోంగా, అనగా పనివేళ తెలుపు కూత, వినబడగానే పరుగెత్తినవారు. అచట వారిని పనికి పెట్టుకొనువాడును, పనిచేయించువాడును జాబరు. అతని దయ యున్న మగ్గముల ఖాతాలో చోటు, లేనిచో రానివానికి బదులుగా చేయు బదిలీ కూలి. జాబర్ల అధికారమునందు అన్యాయము చాల కలదు. లంచమును బంధుప్రీతియు కలవు. ఆ అన్యాయమునకు లోబడి మిల్లుకూలీలు అనుభవించిన కష్టము 1930 నాటి షోలాపుర ప్రజోద్యమపు ఉద్రేకమునకు ఒక కారణమని చెప్పుట అతిశయోక్తి కాదు. అయినను యంత్రము విప్పుట, బిగించుట అను విద్యను పేటలకు తెచ్చినవాడు జాబరే, అతని చేతిక్రింది సహాయకుడే. మరమగ్గమున జరుగు ముఖ్యక్రియలు మూడు: పడుగు రెండుగా చీలి నోరు తెరచుట, ఆ నోటిలోనుండి నాడె దూసికొనిపోవుట, పన్నె ముందుకు వచ్చి పేకను గుడ్డకు గుద్దుట. ఈ మూడును ఒకే ఇరుసు త్రిప్పుటలో తగిన వేళకు జరుగవలయును. రెప్పపాటు తేడా వచ్చిన నాడె నోటిలో చిక్కుకొని వందలకొలది పోగులను తెంచును. ఆ వేళను సరిచేయుట ఏ పుస్తకము చదివినను రాదు. పాడైన మగ్గమును బాగుచేయు మేస్త్రీ ప్రక్కన, పానాలు అందించుచు, చమురు పూయుచు నిలిచినవానికే వచ్చును.

పశ్చిమ మహారాష్ట్రమున ఇచల్‌కరంజి పట్టణమునందు విఠల్‌రావు దాతారు 1904 లోనే మరమగ్గమును నడపెను. ఆ సంస్థానాధిపతి ప్రోత్సాహము ఆయనకు కలదు. షోలాపుర పద్మశాలీలకు అట్టి ప్రభువు లేడు. మిల్లులు పాతబడిన మగ్గములను తీసివేసి అమ్మునపుడు, వానిని తక్కువధరకు కొని, అరిగిన భాగములను పేటలోని కమ్మరిచేత మరల చేయించి, ఇంటి ముందరి వసారాలో నాటుకొనుట వారి మార్గము. తొలుత ఒక్క మోటారు, పొడవైన ఇరుసు, దానినుండి తోలుపట్టెలు, వాని కొనలయందు కొన్ని మగ్గములు. తరువాత మగ్గమునకు ఒక మోటారు. ప్రభుత్వవిధానము కూడ ఈ దారిని, తానుద్దేశింపకయే, సుగమము చేసెను. వస్త్రపరిశ్రమను విచారించిన 1954 నాటి కనుంగో సంఘము చేమగ్గములను క్రమముగా మరమగ్గములుగా మార్చుట మేలని సూచించెను. నాలుగు మగ్గములకు మించని సంస్థలకు సుంకము మినహాయింపబడుటచే, అన్నకు నాలుగు, తమ్మునికి నాలుగు, బావకు నాలుగు అను పంపకము పేటలందు ప్రబలెను. దీనిని కొందరు కేవలము సుంకము తప్పించుకొను ఉపాయమని నిందించిరి. ఆ నింద కొంతవరకు న్యాయమే కావచ్చును. కాని కూలివాడు యజమాని యగుటకు ఎక్కవలసిన మెట్టు ఎత్తు తగ్గినదను విషయమును ఆ నిందకులు గమనింపలేదు.

ఈ మెట్టెక్కుటకు పెట్టుబడి ఎచ్చటిది? బయానా ఋణము తీరిన తరువాత మిగిలిన కూలి, భార్య నగలు, నూలు వర్తకుని అప్పు అను మూడును చెప్పబడును. నాలుగవదానిని చెప్పక విడుచుట పరిపాటి. షోలాపురపు పద్మశాలి స్త్రీలు వేలసంఖ్యలో బీడీలు చుట్టువారు. మగ్గమునకు నూలు లేని మాసమునను, గుడ్డ అమ్ముడుపోని వర్షకాలమునను, మోటారు కాలిన వారమునను ఇంట పొయ్యి వెలిగినది ఆ బీడీ కూలితో. పారిశ్రామికుడు సాహసించెనని వ్రాయునపుడు, ఆ సాహసమునకు పూచీ నిలిచిన చేతులు పొగాకు వాసన గలవని కూడ వ్రాయవలయును.

షోలాపురమునకు పేరు తెచ్చిన దుప్పటి, అంచులందును నడుమను పూవులు, నెమళ్లు, జ్యామితి రూపములు గల మందమైన నూలుగుడ్డ. ఆ చిత్రమునకు ఆధారము జాకార్డు. ఫ్రాన్సుదేశమునందు లియోను నగరపు నేతగాని కుమారుడగు జోసెఫ్ మారీ జాకార్డు (1752-1834) 19 వ శతాబ్దారంభమున రూపుదిద్దిన ఈ సాధనమునందు, చిల్లులు పొడిచిన అట్టలు వరుసగా తిరుగును. చిల్లు ఉన్నచోట సూది లోనికి పోయి, దానికి చేరిన కొక్కెము పడుగును పైకెత్తును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడి పడుగు క్రిందనే నిలుచును. గళ్ల కాగితముపై చిత్రము వ్రాసి, గడిగడికి అట్టను పొడుచు పనివాడు మరమగ్గపు పేటలలో గౌరవము గలవాడు. బడిలో లెక్కలు తప్పిన బాలుడు ఈ గళ్లను దోషము లేక చదువుటను చూచిన ఉపాధ్యాయులకు తమ పరీక్షలయందే లోపము కలదేమోయను సందేహము కలుగవలసినది. తువ్వాలు మరొక విద్య. దానికి పడుగులు రెండు: ఒకటి బిగువు, ఒకటి వదులు. కొన్ని పేకలను గుడ్డకు కొంత దూరమునందే నిలిపి, పిదప ఒక్కమారు ముందుకు గుద్దినపుడు వదులు పడుగు ఉంగరములై పైకి లేచును. ఆ దూరమెంతయో, వదులెంతయో సరిగా పట్టుటలో దుకాణమునకు దుకాణమునకు భేదము. ఆ భేదమే వ్యాపార రహస్యము. షోలాపురపు దుప్పటికిని తువ్వాలునకును 21 వ శతాబ్ది తొలి దశకమున భౌగోళిక సూచిక రక్షణము లభించెను.

ఇదే నగరమున 1882 నవంబరు 23 న జన్మించిన వాల్‌చంద్ హీరాచంద్ కథతో దీనిని పోల్చిన శిష్యరికములందలి తారతమ్యము తేటపడును. ఆయన గుజరాతీ జైన వర్తక కుటుంబమువాడు. బొంబాయి, పూనాల కళాశాలలలో చదువు నారంభించి ముగింపక విడిచెను. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన ఫాటక్ అను మహారాష్ట్రునితో భాగస్వామియై, బార్శీ చిన్న రైలుమార్గపు పనులలో గుత్తేదారుగా తొలిపాఠములు నేర్చెను. 1919 లో సింధియా నౌకాసంస్థను స్థాపించిన వారిలో ఆయన ముఖ్యుడు; 1941 లో విశాఖపట్టణమున నౌకానిర్మాణ కేంద్రమునకు శంకుస్థాపన చేయించెను; అచ్చటనుండి 1948 లో జల ఉష అను నావ జలప్రవేశము చేసెను. విశాఖవాసులకు సింధియా పేరు నేటికిని వాడుక. వాల్‌చంద్ కూడ గుత్తపనిని పనిచేయుచునే నేర్చెను. కాని నష్టము వచ్చినపుడు ఆదుకొనుటకు తండ్రి పెట్టుబడియు, కులవర్తకుల పరపతియు వెనుక నిలిచినవి. నేతపేట బాలునికి ఒక్క నష్టము చాలును, మరల కూలిమగ్గమెక్కుటకు.

తెలుగు మాతృభాషగాగల కుటుంబమున కోయంబత్తూరు సమీపపు కలంగల్ గ్రామమునందు 1893 మార్చి 23 న జన్మించిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు జీవితమునందు ఈ శిష్యరికములు వ్యక్తిగతముగా, ఇంకను స్పష్టముగా కనబడును. బడి ఆయనకు పట్టలేదు. ఊరికి వచ్చిన ఆంగ్లేయ అధికారి మోటారుసైకిలును చూచి, అటువంటిది కొనవలయునను తలంపుతో కోయంబత్తూరు చేరి, భోజనశాలలో పనివాడై కూడబెట్టి, 300 రూపాయలకు ఆ బండిని కొనెను. కొనిన వెంటనే చేసినది విప్పుట, మరల బిగించుట. ఆ పిమ్మట పత్తి వ్యాపారమున లాభమును, బొంబాయి బేరములలో నష్టమును చవిచూచెను. 1920 లో రాబర్టు స్టేన్సు అను పారిశ్రామికుడు ఇచ్చిన ఋణసహాయముతో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ నడపెను. ఆ ఒక్క బండినుండియే యు. ఎమ్. ఎస్. అను విఖ్యాత రవాణాసంస్థ పెరిగినది. 1937 నాటికి బాలసుందరం నాయుడుతో కలిసి స్వదేశీ విద్యున్మోటారును తయారుచేయించెను. నాయుడు తన జీవితోత్తరార్ధమున యంత్రవిద్యాలయములను స్థాపించుటకు పూనుకొనుట, బడి మానినవానికి విద్యపై ద్వేషము లేదనుటకు నిదర్శనము. ఆయనకు వలె స్టేన్సు వంటి ఋణదాత దొరకుట అరుదైన అదృష్టమని మరువరాదు. అశోక్ చౌక్ వంటి చోట్ల ఆ స్థానమున నిలిచినవాడు నెలవడ్డీ షావుకారు.

నేతవృత్తినుండియే పుట్టిన వేరొక దృష్టాంతము చింతకింది మల్లేశము. ఆలేరు సమీపపు శార్జీపేటలో నేతయింట జన్మించి, బడిచదువు నడుమనే మాని, చీరకు ఆసు పోయునపుడు, అనగా నూలును మేకుల చుట్టు త్రిప్పునపుడు, వేలమారులు చేయి చాచి ముడిచి తల్లి భుజములు నొచ్చుట చూచి, హైదరాబాదులో విద్యుత్తు పనులు చేయుచు, ఏండ్లతరబడి శ్రమించి 1999 నాటికి ఆసుయంత్రమును పూర్తిచేసెను. దానికి తల్లిపేరు పెట్టి లక్ష్మీ ఆసుయంత్రమనెను. 2017 లో ఆయనకు పద్మశ్రీ లభించెను. జపానులో వడ్రంగి కుమారుడై 1867 లో జన్మించిన సకిచి తొయోదా కూడ పల్లెలో మగ్గములపై స్త్రీలు పడు శ్రమను చూచి కఱ్ఱమగ్గమును సంస్కరించి 1891 లో హక్కుపత్రము పొందినవాడే. 1929 లో ఆయన స్వయంచాలక మగ్గపు హక్కులను ఆంగ్లదేశపు ప్లాట్ సంస్థ కొనెను. శార్జీపేటయు, తొయోదా పుట్టిన పల్లెయు వేలక్రోసుల దూరమున నున్నను, ప్రశ్న రెండుచోట్లను ఇంటి స్త్రీ నొప్పినుండియే పుట్టినది.

షోలాపుర పేటలలో ఇట్లు ఎదిగినవారిలో విజయము పొందినవారినే స్మరించుట చరిత్రకు న్యాయము కాదు. నూలు ధర ఒక్కసారి పెరిగి, గుడ్డధర అట్లే నిలిచిన ఏడు, నాలుగు మగ్గముల యజమానులు అనేకులు మగ్గములను పాతయినుముగా తూచి అమ్మిరి. వారును అదే గురువులయొద్ద అదే విద్య నేర్చినవారు. వారి నేర్పులో కొరత లేదు, వెనుక నిలుచు ధనములో కొరత కలదు. శ్రావణ పౌర్ణమినాడు జరుగు మార్కండేయుని రథోత్సవమున రథము లాగు గుంపులో మగ్గములు నిలిచినవాడును, పోయినవాడును భుజము భుజము ఆనించి నడచుచుందురు. సహకార సంఘములను, విద్యాసంస్థలను, మార్కండేయ సహకార వైద్యశాలను నిర్మించుకొన్నది ఈ ఇరుతెగలును కలిసియే.

20 వ శతాబ్ది ద్వితీయార్ధమున మిల్లులు ఒకదానివెంట ఒకటి మూతపడుటతో మూడవ శిష్యరికపు తావు లుప్తమయ్యెను. 1985 నాటి వస్త్రవిధానము మిల్లులకును మరమగ్గములకును నడుమ గల భేదదృష్టిని తగ్గించుటతో చిన్నవానికి కలిగిన ఆసరాయు సడలెను. నేడు నాడె లేని మగ్గములు, కంప్యూటరుచే నడచు జాకార్డులు వచ్చుచున్నవి. వాని తాళపుచెవి అమ్మిన సంస్థ పంపు ఇంజనీరు చేతిలో నుండును గాని, పానా అందించు బాలునికి అందదు. బాలుడు బడికి పోవుట సర్వవిధముల శుభము. బాల్యమున కూలిచేయు దినములు మరల రాకూడదు. కాని బడిలో నేత, నూలు, గంజి, పన్నె అను మాటలే వినబడకపోవుట వేరు విషయము. షోలాపురమునందలి సాంకేతిక విద్యాశాలలు మరమగ్గపు మేస్త్రీలను, అట్టలు పొడుచువారిని, నూలు చేతితో తడిమి దాని పాటి చెప్పగల వృద్ధులను బోధకులుగా పిలిచి, వారి మాటలను తెలుగులోను మరాఠీలోను వ్రాయించి, చిత్రములు గీయించి భద్రపరచవలసిన పని మిగిలియున్నది. ఆ తరమువారిలో చాలమంది ఇప్పటికే వయోవృద్ధులు.